ఉన్నట్టుండి ఆపితే ఊరుకోని కరెంటు

పొలంలో పంపుసెట్టు నడుస్తున్నప్పుడు గొట్టం వాల్వును మెల్లగా మూస్తే నీళ్ళు నెమ్మదిగా తగ్గి ఆగిపోతాయి. ఏ గొడవా ఉండదు. అదే వాల్వును ఒక్కసారిగా మూసేస్తే గొట్టం దబ్బుమని అదురుతుంది. ఒక్కొక్కసారి అతుకులు కూడా ఊడిపోతాయి. గొట్టంలో వేగంగా పారుతున్న నీటికి జడత్వం ఉంది. దారి మూసుకుపోయినా అది ముందుకే పోవాలని చూస్తుంది. పోవడానికి చోటు లేక గొట్టం గోడల మీద తన బలమంతా చూపిస్తుంది.

ఇప్పుడు బడిలోని ప్రయోగశాలకు రండి. విద్యుత్ గంటను 6 వోల్టుల బ్యాటరీకి కలపండి. గంట మోగుతున్నంతసేపూ మరమేకు మొన దగ్గర చిన్న చిన్న నీలిరంగు మెరుపులు కనిపిస్తాయి. 6 వోల్టుల బ్యాటరీకి గాలిని చీల్చుకుని దూకే సత్తా లేదు. మరి ఆ మెరుపు ఎక్కడి నుంచి వచ్చింది?

నీళ్ళ గొట్టంలో జరిగిందే ఇక్కడా జరిగింది. గంటలోని తీగచుట్టలో, అంటే కాయిలులో, పారుతున్న విద్యుత్తును మరమేకు మొన దగ్గర ఉన్నట్టుండి తెంచేశాం. అది ఆగనంటూ గాలిలోకి దూకింది. చూడటానికి చిన్న విషయమే. కాని కార్లలోను, మోటారు సైకిళ్ళలోను ఇంజనును వెలిగించేది ఈ గుణమే. ఆ ఇంజనును నడిపించే ఎలక్ట్రానిక్ పెట్టెను కాల్చివేయగలిగేది కూడా ఈ గుణమే. దాన్ని ఎక్కడ వాడుకోవాలో, ఎక్కడ అణచాలో తెలుసుకుందాం.

ఒక బడిపంతులు చూసిన మెరుపు

అమెరికాలోని ఆల్బనీ అకాడమీలో జోసెఫ్ హెన్రీ అనే ఉపాధ్యాయుడు ఉండేవాడు. విద్యుదయస్కాంతాల మీద ఆయనకు ఎంతో ఆసక్తి. బ్యాటరీ రెండు ధ్రువాలను ఒక పొట్టి తీగతో కలిపి విడదీస్తే ఆయనకు మెరుపు కనిపించలేదు. ముప్ఫై నలభై అడుగుల పొడవైన తీగతో కలిపి విడదీస్తే మాత్రం ప్రకాశవంతమైన మెరుపు వచ్చింది. ఆ తీగనే చుట్టగా చుడితే ఫలితం మరికొంత పెరిగింది. కలిపేటప్పుడు మెరుపు లేదు, విడదీసేటప్పుడే వచ్చింది. ఈ సంగతిని హెన్రీ 1832లో ప్రచురించాడు.

కారణం ఏమిటి? తీగలో విద్యుత్తు ప్రవహిస్తే దాని చుట్టూ అయస్కాంత క్షేత్రం ఏర్పడుతుందని మీకు తెలుసు. ఆ క్షేత్రంలో శక్తి నిలువ ఉంటుంది. తీగను చుట్టగా చుట్టి మధ్య ఇనుప దిమ్మ పెడితే క్షేత్రం ఇంకా బలపడుతుంది. ప్రవాహం తగ్గబోతే క్షేత్రం కూడా తగ్గాలి. మారే అయస్కాంత క్షేత్రం తీగలో వోల్టేజిని పుట్టిస్తుందని 1831లో మైకేల్ ఫారడే కనుగొన్నాడు. ఆ వోల్టేజి తనను పుట్టించిన మార్పును ఎదిరించే దిశలోనే ఉంటుందని 1834లో లెంజ్ చెప్పాడు. ప్రవాహం తగ్గుతున్నదంటే, తగ్గకుండా ముందుకు నెట్టే వోల్టేజి కాయిలులోనే పుడుతుందన్నమాట. దీనినే స్వయం ప్రేరణ అంటాం. ఒక కాయిలుకు ఈ గుణం ఎంత ఉందో చెప్పేది స్వయం ప్రేరకత్వం. దాని ప్రమాణానికి హెన్రీ పేరే పెట్టారు.

పాత ట్యూబులైటులో చోకు చేసే పని ఇదే. స్టార్టరు తెరుచుకోగానే చోకులోని ప్రవాహం తెగి, ఇంటి సరఫరా కంటే ఎక్కువ వోల్టేజి పుట్టి ట్యూబును వెలిగిస్తుంది. ఎల్‌ఈడీ ట్యూబులలో చోకు లేదు, స్టార్టరూ లేదు.

కొంచెం లెక్క

సూత్రం చాలా సులువు. కాయిలులో పుట్టే వోల్టేజి కావాలంటే, దాని స్వయం ప్రేరకత్వాన్ని, ప్రవాహం సెకనుకు ఎన్ని ఆంపియర్ల చొప్పున మారుతున్నదో ఆ సంఖ్యతో గుణించాలి.

ఇంజనులోకి పెట్రోలు చిమ్మే ఇంజెక్టరు ఒకటి తీసుకుందాం. అందులోని కాయిలు నిరోధం 12 ఓములు, స్వయం ప్రేరకత్వం 12 మిల్లీహెన్రీలు అనుకోండి. 12 వోల్టుల బ్యాటరీకి కలిపితే 1 ఆంపియరు పారుతుంది. ఆ ప్రవాహాన్ని సెకనులో లక్షోవంతు కాలంలో, అంటే 10 మైక్రోసెకన్లలో, సున్నాకు దించాలని చూస్తే? సెకనుకు లక్ష ఆంపియర్ల చొప్పున మార్పు. దానిని 0.012తో గుణిస్తే 1200 వోల్టులు! మనం ఇచ్చింది 12 వోల్టులే.

ఇది శక్తి నిత్యత్వ నియమానికి విరుద్ధం కాదు. కాయిలులో నిలువ ఉన్న శక్తి, స్వయం ప్రేరకత్వంలో సగాన్ని ప్రవాహపు వర్గంతో గుణిస్తే వస్తుంది. ఇక్కడ అది 0.006 జౌళ్ళు. ఒక గ్రాము బరువును సుమారు 60 సెంటీమీటర్లు పైకెత్తే పనికి సమానం. శక్తి కొంచెమే. కాని అంతా సన్నని చోట, రెప్పపాటులో వెయ్యోవంతు కూడా లేని కాలంలో బయటపడుతుంది. సూది మొన గుచ్చుకోవడానికి పెద్ద బలం అక్కర లేదు కదా!

వాహనంలో కాయిళ్ళు ఎక్కడ?

ఒకప్పుడు ఇంజనుకు ఎంత పెట్రోలు ఇవ్వాలో కార్బురేటరు చూసుకునేది. 1967లో బాష్ సంస్థ డీ-జెట్రానిక్ అనే ఎలక్ట్రానిక్ ఇంధన పద్ధతిని ఫోక్స్‌వాగన్ 1600 కార్లలో ప్రవేశపెట్టింది. 1979లో అదే సంస్థ ఇంధనాన్ని, ఇగ్నిషన్‌ను రెండింటినీ ఒకే కంప్యూటరుకు అప్పగించే మోట్రానిక్ పద్ధతిని తెచ్చింది. మన దేశంలో 2020 ఏప్రిల్ నుంచి బీఎస్-6 నియమాలు అమలుకు రావడంతో మోటారు సైకిళ్ళు, స్కూటర్లలో కూడా కార్బురేటరు పోయి ఇంధనాన్ని చిమ్మే ఇంజెక్టరు వచ్చింది. ఈ పనులన్నీ నడిపించే పెట్టెను ఇంజను కంట్రోలరు అంటారు. మెకానిక్కుల నోట ఈసీయూ అనే మాట వింటుంటారు, అదే ఇది.

కంట్రోలరు ఆలోచన చేస్తుంది గాని, బరువైన పనులు దాని ఆజ్ఞ మీద వేరే పరికరాలు చేస్తాయి. పెట్రోలు పంపును, రేడియేటరు ఫ్యానును కలపడానికి రిలేలు. పెట్రోలు చిమ్మడానికి ఇంజెక్టర్లు. గాలి దారులు తెరవడానికి సోలెనాయిడు వాల్వులు. మెరుపు పుట్టించడానికి ఇగ్నిషన్ కాయిలు. వీటిలో ఏది విప్పి చూసినా లోపల ఉండేది తీగచుట్టే.

వీటికి స్విచ్చిగా పనిచేసేది కంట్రోలరులోని ట్రాన్సిస్టరు. సాధారణంగా కాయిలు ఒక కొన బ్యాటరీ ధన ధ్రువానికి పోతుంది. రెండవ కొన ట్రాన్సిస్టరు గుండా ఋణ ధ్రువానికి, అంటే బండి శరీరానికి చేరుతుంది. ట్రాన్సిస్టరు తెరుచుకుంటే ప్రవాహం, మూసుకుంటే ఆగడం.

ఆగేటప్పుడే అసలు ప్రమాదం. విద్యుత్ గంటలో మరమేకు మొన మెరుపులను కొన్నేళ్ళు భరిస్తుంది. ట్రాన్సిస్టరు భరించదు. దాని లోపల అర్ధవాహకపు పొరలు ఎంతో పలుచన. బజారులో దొరికే బీసీ547 వంటి చిన్న ట్రాన్సిస్టరు 45 వోల్టులకు మించి తట్టుకుంటుందన్న హామీ లేదు. వందల వోల్టులు మీద పడితే పొర చిల్లుపడుతుంది. ఒక్కొక్కసారి మొదటి దెబ్బకే పోతుంది. ఒక్కొక్కసారి దెబ్బ మీద దెబ్బ తిని కొన్నాళ్ళకు పోతుంది. ఇది ఇంకా చిక్కు, ఎందుకంటే కారణం కంటికి కనిపించదు.

ఒక విజ్ఞాన ప్రదర్శనకు మా విద్యార్థి ఒకడు నీళ్ళ ట్యాంకు నిండగానే తనంతట తానే ఆగిపోయే పంపు నమూనా తయారు చేశాడు. ఒక ట్రాన్సిస్టరు, ఒక రిలే. మొదటి రోజు చక్కగా పనిచేసింది. రెండవ రోజు ట్రాన్సిస్టరు పోయింది. కొత్తది వేస్తే అదీ పోయింది. దుకాణంవాడు నాసిరకం సరుకు ఇచ్చాడని వాడి అనుమానం. మూడవది వేసేముందు రిలే కాయిలుకు అడ్డంగా రెండు మూడు రూపాయల డయోడు ఒకటి కలిపించాను. ప్రదర్శన మూడు రోజులూ అది ఆగకుండా పనిచేసింది. బండిలో అయితే చితికేది రెండు రూపాయల ట్రాన్సిస్టరు కాదు, వేల రూపాయల కంట్రోలరు. నడిరోడ్డు మీద ఆగిపోయేది నమూనా పంపు కాదు, మనం ఎక్కిన బండి.

దారి ఇవ్వడమే మందు

నీళ్ళ గొట్టానికి వాల్వు దగ్గర ఒక పక్కదారి పెట్టి, ఆ నీళ్ళు మళ్ళీ మొదటికే చేరేట్టు చేశామనుకోండి. అప్పుడు వాల్వు మూసినా నీళ్ళు చుట్టూ తిరిగి తిరిగి, రాపిడికి వేగం తగ్గి ఆగిపోతాయి. దెబ్బ ఉండదు. విద్యుత్తుకు ఆ పక్కదారి డయోడు.

డయోడు ప్రవాహాన్ని ఒక దిశలోనే పోనిస్తుంది. దానిని కాయిలు రెండు కొనల మధ్య అడ్డంగా కలపాలి. డయోడు ఒంటి మీద ఒక చివర గీత ఉంటుంది. గీత ఉన్న కొన బ్యాటరీ ధన ధ్రువం వైపు ఉండాలి. ఈ దిశలో కలిపితే బ్యాటరీ ప్రవాహం డయోడు గుండా పోలేదు. ట్రాన్సిస్టరు తెరిచి ఉన్నంతసేపూ డయోడు ఉన్నా లేనట్టే.

ట్రాన్సిస్టరు మూసుకోగానే కాయిలు వోల్టేజి తలకిందులవుతుంది. ఇంతసేపూ ఋణం వైపున్న కొన ధనమవుతుంది. ఆ వోల్టేజి 0.7 వోల్టులు చేరగానే డయోడు దారి ఇస్తుంది. కాయిలులోని ప్రవాహం డయోడు గుండా తిరిగి కాయిలులోకే వచ్చి, గుండ్రంగా తిరుగుతూ, తీగ నిరోధంలో వేడిగా మారి ఆరిపోతుంది. ట్రాన్సిస్టరు మీద పడేది 12కు 0.7 కలిపి 12.7 వోల్టులు మాత్రమే.

ఇక్కడ ఒక సందేహం రావచ్చు. వందల వోల్టులు మీద పడితే డయోడు మాత్రం కాలిపోదా? అసలు వందల వోల్టులు పుట్టనే పుట్టవు. దారి దొరకనప్పుడే వోల్టేజి పెరుగుతుంది. దారి దొరికితే పెరగవలసిన పని లేదు. డయోడు మోయవలసింది వోల్టేజిని కాదు, ప్రవాహాన్ని. ఆ ప్రవాహం కూడా కాయిలులో అంతకుముందు ఎంత ఉందో అంతే, అక్కడి నుంచి తగ్గుతూ పోతుంది. 1 ఆంపియరు మోయగల 1ఎన్4007 డయోడు మామూలు రిలేలకు ఎంతో చాలు.

ఈ ఎదురుదెబ్బకు ఎలక్ట్రానిక్స్‌లో ఫ్లైబ్యాక్ అని పేరు. పాత గాజు తెర టీవీలలో బొమ్మను గీసే ఎలక్ట్రాన్ల కిరణం ఒక గీత పూర్తి కాగానే కుడి అంచు నుంచి ఎడమ అంచుకు ఎగిరి రావాలి. అందుకు కాయిలులోని ప్రవాహాన్ని చటుక్కున మార్చేవారు. ఆ క్షణంలో పుట్టే ఎదురు వోల్టేజికి కిరణం వెనక్కి ఎగరడాన్ని బట్టి ఆ పేరు వచ్చింది. దానిని అణచే డయోడు ఫ్లైబ్యాక్ డయోడు.

మీరే చేసి చూడండి

కావలసినవి: 12 వోల్టుల కారు రిలే ఒకటి, 1.5 వోల్టుల టార్చి సెల్లులు ఎనిమిది, కాలింగ్ బెల్లు స్విచ్చి, చిన్న నియాన్ బల్బు, 1ఎన్4007 డయోడు, తొడుగు ఉన్న తీగలు. నియాన్ బల్బును విద్యుత్ సామాను దుకాణంలో విడిగా కొనండి. ఇంట్లోని టెస్టరును విప్పి తీయవద్దు. టెస్టరు లోపలి నిరోధకమే దానిని పట్టుకున్న మనిషి ప్రాణం కాపాడేది. రిలే మీద ముద్రించిన బొమ్మలో కాయిలుకు అడ్డంగా డయోడుగాని, నిరోధకంగాని లేని రకం తీసుకోండి.

కారు రిలే అడుగున అంకెలు ఉంటాయి. 85, 86 అన్నవి కాయిలు కొనలు. సెల్లుల ధన ధ్రువాన్ని 86కు కలపండి. 85 నుంచి స్విచ్చికి, స్విచ్చి నుంచి సెల్లుల ఋణ ధ్రువానికి కలపండి. స్విచ్చి నొక్కితే టక్కుమంటుంది, వదిలితే మళ్ళీ టక్కుమంటుంది.

ఇప్పుడు నియాన్ బల్బును 85, 86ల మధ్య కలపండి. గది కొంచెం చీకటి చేయండి. స్విచ్చి నొక్కి ఉంచితే బల్బు వెలగదు. నియాన్ వెలగాలంటే సుమారు 70 నుంచి 90 వోల్టులు కావాలి, మన సెల్లులు ఇచ్చేది 12. స్విచ్చి వదలండి. బల్బు ఒక్కసారి తళుక్కుమంటుంది! 12 వోల్టుల సెల్లులతో 70 వోల్టులు దాటిన వోల్టేజిని మీరు కళ్ళారా చూశారు.

ఇంకా జాగ్రత్తగా గమనించండి. బల్బులో రెండు లోహపు కడ్డీలు ఉన్నాయి. వాటిలో ఒకటే వెలుగుతుంది. నియాన్ బల్బులో వెలుగు ఋణ కడ్డీ చుట్టూ వస్తుంది. ఇక్కడ వెలిగేది సెల్లుల ధన ధ్రువం వైపు, అంటే 86కు కలిపిన కడ్డీ. ధనం వైపు కొన ఆ క్షణంలో ఋణమైందన్నమాట. వోల్టేజి తలకిందులవుతుందని పైన చెప్పిన మాటకు ఇదే రుజువు.

చివరిగా డయోడును గీత కొన 86 వైపు ఉండేట్టు కాయిలుకు అడ్డంగా కలపండి. స్విచ్చి నొక్కి వదలండి. రిలే మామూలుగానే టక్కుమంటుంది, బల్బు మాత్రం వెలగదు. డయోడు పని చేస్తున్నది.

జాగ్రత్తలు మూడు. డయోడును తలకిందులుగా కలిపితే సెల్లులు షార్టయి వేడెక్కుతాయి, డయోడు మాడిపోతుంది. కాబట్టి స్విచ్చి నొక్కే ముందు గీత ఎటు ఉందో ఒకసారి చూసుకోండి. స్విచ్చి వదిలేటప్పుడు తీగల ఉత్త కొనలు తాకవద్దు, చురుక్కుమని తగులుతుంది. ఇంటి విద్యుత్తుతోగాని, బండి మీదగాని ఈ ప్రయోగం చేయనే కూడదు.

పరీక్ష ఎందుకు? ఎలా?

డయోడు కలిపేశాం, ఇక పరీక్ష ఎందుకని అనిపించవచ్చు. ఆలోచించండి. డయోడు లోపల తెగిపోయి ఉందనుకోండి. రిలే టక్కుమంటుందా? అంటుంది. పంపు తిరుగుతుందా? తిరుగుతుంది. పైకి ఏ లోపమూ కనిపించదు. ట్రాన్సిస్టరు పోయిన నాడే తెలుస్తుంది. రక్షణ లేకున్నా పరికరం పనిచేస్తూనే ఉంటుంది. అందుకే రక్షణను విడిగా పరీక్షించాలి.

మల్టీమీటరును డయోడు గుర్తు దగ్గర పెట్టండి. ఎర్ర తీగ గీత లేని కొనకు, నల్ల తీగ గీత ఉన్న కొనకు తాకిస్తే 0.5 నుంచి 0.7 మధ్య అంకె రావాలి. తీగలు మార్చి తాకిస్తే ప్రవాహం లేదని చూపాలి. కొన్ని మీటర్లు అందుకు ఓఎల్ అని, కొన్ని ఎడమ చివర 1 అని చూపుతాయి. రెండు వైపులా దాదాపు సున్నా చూపితే డయోడు షార్టయింది. రెండు వైపులా ఏమీ చూపకపోతే తెగిపోయింది.

ఒక చిక్కు ఉంది. డయోడును కాయిలుకు టంకం వేసి అతికాక ఈ పరీక్ష చేస్తే మీటరు మోసపోతుంది. దాని ప్రవాహం కాయిలు గుండా రెండు వైపులా పోతుంది కాబట్టి మంచి డయోడు కూడా షార్టయినట్టే కనిపిస్తుంది. అందువల్ల ఒక కాలు విడదీసి పరీక్షించాలి.

పెద్ద వర్క్‌షాపులలో ఆసిలోస్కోపు వాడతారు. వోల్టేజి క్షణక్షణం ఎలా మారిందో అది తెర మీద గీసి చూపుతుంది. ట్రాన్సిస్టరు, కాయిలు కలిసే చోట చూస్తే, రక్షణ లేనప్పుడు ప్రవాహం ఆగిన క్షణంలో సూదిలా ఆకాశానికి లేచిన గీత కనిపిస్తుంది. డయోడు ఉంటే 12 కంటే కొంచెం పైన చిన్న మెట్టు, కొద్దిసేపటికి 12.

డయోడును కాయిలుకు దగ్గరగా, పొట్టి తీగలతో కలపడం మంచిది. ఆరిపోయే ప్రవాహం తిరిగే వలయం ఎంత చిన్నదైతే పక్క తీగలలోకి, రేడియోలోకి గరగర అంత తక్కువగా పోతుంది.

ఇంజెక్టరుకు వేరే వైద్యం

ఇంత చక్కని మందు దొరికింది కదా, అన్ని కాయిళ్ళకూ డయోడు పెట్టేస్తే పోలేదా? పోలేదు. ఎందుకో చూద్దాం.

డయోడు పెట్టినప్పుడు ప్రవాహం మెత్తగా, నిదానంగా ఆరిపోతుందని చెప్పుకున్నాం. మనం తీసుకున్న ఇంజెక్టరులో ప్రవాహం పదోవంతుకు పడిపోవడానికి లెక్క ప్రకారం సుమారు 1.9 మిల్లీసెకన్లు పడుతుంది. మిల్లీసెకను అంటే సెకనులో వెయ్యోవంతు. ఆలోగా ఇంజెక్టరు పూర్తిగా మూసుకోక పెట్రోలు కారుతూనే ఉంటుంది.

రిలేకు ఈ ఆలస్యం పెద్ద లెక్క కాదు. ఫ్యాను రెండు మిల్లీసెకన్లు ఆలస్యంగా ఆగితే ఏమవుతుంది? కాని బండి ఊరికే నిలబడి ఇంజను నడుస్తున్నప్పుడు ఇంజెక్టరు తెరిచి ఉండే కాలమే ఒక్కొక్కసారికి సుమారు 2, 3 మిల్లీసెకన్లు. అంత చిన్న కొలతలో 1.9 మిల్లీసెకన్ల సందేహం అంటే పావుశేరు తూచే తక్కెడలో రెండు మూడు ఛటాకుల తేడా ఉన్నట్టు. పెట్రోలు వృథా, పొగ, ఇంజను ఊపు.

వోల్టేజి సూత్రాన్ని తిరగేసి చూస్తే ఉపాయం దొరుకుతుంది. ఎదురు వోల్టేజి ఎక్కువైతే ప్రవాహం త్వరగా పడిపోతుంది. కాబట్టి వోల్టేజిని కొంత పెరగనివ్వాలి, ట్రాన్సిస్టరు తట్టుకునేంతవరకే పెరగనివ్వాలి. ప్రెషర్ కుక్కరు మీది వెయిట్ చేసే పని ఇదే కదా! ఆవిరిని మొదటి నుంచీ వదిలేయదు, కుక్కరు పేలేంతవరకూ ఆపదు. నిర్ణీత పీడనం దగ్గర ఈల వేసి వదులుతుంది.

ఇటువంటి పరికరం జీనర్ డయోడు. మామూలు డయోడు ఎదురు దిశలో ప్రవాహాన్ని ఆపేస్తుంది. జీనర్ డయోడు నిర్ణీత వోల్టేజి వరకు ఆపి, ఆ తరువాత దారి ఇస్తుంది. ట్రాన్సిస్టరుకు అడ్డంగా 52 వోల్టుల దగ్గర తెరుచుకునే జీనర్ ఉందనుకోండి. అందులో 12 బ్యాటరీవి, తక్కిన 40 వోల్టులు కాయిలు మీద ఎదురుగా పనిచేస్తాయి. ఇప్పుడు ప్రవాహం పదోవంతుకు పడిపోవడానికి పట్టేది సుమారు 0.23 మిల్లీసెకన్లు. ఎనిమిది రెట్లు త్వరగా! ట్రాన్సిస్టరు మాత్రం 52 కంటే గట్టిగా ఎక్కువ వోల్టులు తట్టుకునేది కావాలి.

ఈ శక్తి ఎంత వేడవుతుందో కూడా చూసుకోవాలి. ఇంజను నిమిషానికి 6000 చుట్లు తిరుగుతుంటే సెకనుకు 100 చుట్లు. నాలుగు స్ట్రోకుల ఇంజనులో రెండు చుట్లకు ఒకసారి పెట్రోలు చిమ్ముతుంది కాబట్టి సెకనుకు 50 సార్లు. ఒక్కొక్కసారికి 0.006 జౌళ్ళ చొప్పున 0.3 వాట్లు. నాలుగు ఇంజెక్టర్లకు 1.2 వాట్లు. చిన్న జీనర్ డయోడు ఇంత వేడిని మోయలేదు. అందుకే కంట్రోలర్లలో ఇంజెక్టరును నడిపే ట్రాన్సిస్టరుకే ఈ వేడిని మోసే ఏర్పాటు చేసి, దానిని లోహపు పెట్టెకు అతికి చల్లబరుస్తారు.

మెరుపు కావలసిన చోట

ఒక కాయిలుకు మాత్రం డయోడు పెట్టనే కూడదు. అదే ఇగ్నిషన్ కాయిలు.

అమెరికాలో చార్లెస్ కెటరింగ్ 1910 ప్రాంతంలో కాడిలాక్ కార్ల కోసం రూపొందించిన ఇగ్నిషన్ పద్ధతి చాలాకాలం ప్రపంచమంతటా నడిచింది. ఇగ్నిషన్ కాయిలులో రెండు చుట్టలు ఉంటాయి. మొదటి చుట్టలో బ్యాటరీ ప్రవాహం పారుతుంది. మెకానిక్కులు సీబీ పాయింట్లు అనేవి సరిగా సమయానికి దానిని తెంచుతాయి. చుట్టలో 200, 300 వోల్టులు పుడతాయి. రెండవ చుట్టలో సుమారు నూరు రెట్లు ఎక్కువ చుట్లు ఉండటంతో అది 20 నుంచి 30 వేల వోల్టులై స్పార్కు ప్లగ్గు మొన దగ్గర మెరుపుగా దూకుతుంది. పెట్రోలు ఆవిరి అంటుకుంటుంది. పాయింట్ల దగ్గరే మెరుపు దూకి శక్తి వృథా కాకుండా కండెన్సరు అడ్డుకుంటుంది.

ఈ రోజుల్లో పాయింట్ల స్థానంలో ట్రాన్సిస్టరు జాతికి చెందిన స్విచ్చి ఉంది. దానిని 400 వోల్టుల వరకు తట్టుకునేట్టు తయారు చేస్తారు, అంతకు మించితే దారి ఇచ్చే ఏర్పాటు దానిలోనే ఉంటుంది. తెలిసీ తెలియక ఎవరైనా మొదటి చుట్టకు మామూలు డయోడు అడ్డం పెడితే ఎదురు వోల్టేజి 0.7 దగ్గరే ఆగిపోతుంది. ప్లగ్గులో మెరుపు రాదు, ఇంజను స్టార్టు కాదు.

చూశారా, ఒకే సూత్రానికి మూడు రకాల వైద్యం. రిలే దగ్గర 0.7 వోల్టుల దగ్గరే అణచాం. ఇంజెక్టరు దగ్గర కొన్ని పదుల వోల్టుల వరకు వదిలాం. ఇగ్నిషన్ కాయిలు దగ్గర కొన్ని వందల వోల్టులు కావాలని పుట్టించాం. ప్రవాహం ఎంత త్వరగా ఆగాలి, స్విచ్చి ఎంత తట్టుకుంటుంది అన్న రెండు ప్రశ్నలకు జవాబు తెలిస్తే ఏ వైద్యమో తేలిపోతుంది.

బండి ఉన్నవాళ్ళకు రెండు మాటలు

ఇంట్లో కారుగాని, మోటారు సైకిలుగాని ఉంటే పెద్దవాళ్ళకు ఈ సంగతులు చెప్పండి. అదనపు హారను, లైట్లు పెట్టించేటప్పుడు రిలే కొత్తగా వేస్తారు. కాయిలుకు రక్షణ ఉన్న రిలే అడగమనండి. డయోడు ఉన్న రిలేకు తీగలు తారుమారు కాకూడదు. 86 ధనం వైపే ఉండాలి.

రెండవది, ఇంజను నడుస్తుండగా బ్యాటరీ తీగ ఊడదీయడం. ఆల్టర్నేటరు పనిచేస్తున్నదో లేదో చూడటానికి కొందరు ఇలా చేస్తారు. ఆల్టర్నేటరు లోపల కూడా కాయిలు ఉంది, దాని అయస్కాంత క్షేత్రం క్షణంలో తగ్గదు. భారం పోయినా ఉత్పత్తి తగ్గక వోల్టేజి పదుల వోల్టులకు లేచి బండిలోని ఎలక్ట్రానిక్ పరికరాలన్నిటి మీదా పడుతుంది. తయారీదారులు కొంత రక్షణ పెడతారు. అయినా ఆ రక్షణను మనం పరీక్షించనక్కర లేదు. వోల్టుమీటరు పెట్టి చూస్తే సరిపోతుంది.

ఆలోచించి జవాబులు రాయండి

1. ఒక రిలే కాయిలు 24 వోల్టులతో పనిచేస్తుంది. డయోడు కలిపాక, స్విచ్చి మూసిన క్షణంలో ట్రాన్సిస్టరు మీద పడే వోల్టేజి ఎంత?

2. నియాన్ బల్బు ప్రయోగంలో సెల్లుల ధన, ఋణ ధ్రువాలను తారుమారు చేస్తే బల్బులో ఏ కడ్డీ వెలుగుతుంది? ఎందుకు?

3. ఇంజెక్టరులో ప్రవాహం 2 ఆంపియర్లయితే కాయిలులో నిలువ ఉండే శక్తి ఎన్ని రెట్లు పెరుగుతుంది?

4. హెన్రీకి పొట్టి తీగతో మెరుపు ఎందుకు కనిపించలేదు?